మా ఆయన డ్రిల్ సార్జెంట్‌గా సెలెక్ట్ అయ్యారు! | టెక్సస్‌లోని కిలీన్ నుంచి ఆస్టిన్ ఎయిర్‌పోర్ట్ దాకా మా ఆదివారం

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? వారం నుంచి అత్తయ్యగారు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే కంగారు. "పదేళ్ళు సర్వీసు చేశాక మళ్ళీ స్కూలేంటమ్మా, వాడేమైనా తప్పు చేశాడా?" అని. అత్తయ్యగారూ, తప్పేమీ లేదు. మీ అబ్బాయి డ్రిల్ సార్జెంట్ స్కూలుకి సెలెక్ట్ అయ్యారు. మిగతా చుట్టాలు కూడా అడుగుతున్నారు కాబట్టి అందరికీ కలిపి ఈ వీడియోలోనే చెప్పేస్తాను.

అమెరికా ఆర్మీలో చేరిన ప్రతి కొత్త రిక్రూట్‌కీ ముందు పది వారాల బేసిక్ ట్రైనింగ్ ఉంటుంది. పొద్దున లేపడం దగ్గర్నుంచి రాత్రి లైట్లు ఆర్పేదాకా ఆ పిల్లల వెంట ఉండి నేర్పించే మనిషే డ్రిల్ సార్జెంట్. ఆఫీసర్లు ఈ పని చేయరు, సార్జెంట్ హోదాల్లో ఉన్నవాళ్ళే చేస్తారు. మా పెద్దమామయ్యది పశ్చిమ గోదావరిలో మాధవరం. మిలిటరీ మాధవరం అంటే మీకు చెప్పక్కర్లేదు కదా. ఆయనా హవల్దార్‌గా రిటైరైన మనిషే. విషయం వినగానే "అంటే ఉస్తాద్ అయ్యాడన్నమాట! ఆ పని అందరికీ ఇవ్వరే అమ్మాయ్" అన్నారు. మన ఆర్మీలో కొత్తవాళ్ళకి నేర్పేవాళ్ళని ఉస్తాద్ అంటారు. ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి.

ముందే ఒక మాట. బేస్ లోపల నేను షూటింగ్ చేయను, యూనిట్ పేరు చెప్పను. కాబట్టి ఈ రోజు మీకు కనిపించేవి మా గ్యారేజ్, కారు, రోడ్డు మాత్రమే.

పొద్దున్నే హెయిర్‌కట్‌కి వెళ్ళాం. టిప్పుతో కలిపి 25 డాలర్లు, డాలరు 88 లెక్కన 2,200 రూపాయలు. పది నిమిషాల మెషీన్ కటింగ్‌కి అంత ఇవ్వడం నాకు ఇన్నేళ్ళయినా అలవాటు కాలేదు. వచ్చేదారిలో బూట్లు ఇంకో జత కొన్నాం, 150 డాలర్లు, అంటే 13,200. వాటి గురించి నాకు బాధ లేదు. రోజంతా కాళ్ళ మీద ఉండే ఉద్యోగానికి బూట్ల దగ్గర పొదుపు పనికిరాదు.

ఇక సెలెక్షన్ సంగతి. దీనికి మనంతట మనమే అడగవచ్చు. అడగకపోయినా ఆర్మీయే రికార్డులు చూసి కొందరిని ఎంపిక చేసి పంపిస్తుంది. మా ఆయన అడిగి వెళ్తున్నారు. నేనైతే పరుగు, బరువులు, గురి చూసి కాల్చడం లాంటి పరీక్షలే ఉంటాయనుకున్నాను. అవన్నీ ఉన్నాయి, ఆర్మీ ఆప్టిట్యూడ్ పరీక్షలో జీటీ అనే భాష, లెక్కల స్కోరూ చూస్తారు. కానీ అసలు వడపోత వేరే చోట జరుగుతుంది. పాత రికార్డంతా తవ్వుతారు. తాగి బండి నడిపారా, ఎవరి మీదైనా చెయ్యి చేసుకున్నారా, వేధింపుల ఫిర్యాదులున్నాయా, అప్పుల్లో మునిగి ఉన్నారా, అన్నీ చూస్తారు. మానసిక ఆరోగ్య నిపుణుల ముందు కూర్చోవాలి. పై అధికారి "ఈ మనిషి చేతిలో పిల్లల్ని పెట్టొచ్చు" అన్నట్టు సిఫారసు చేస్తూ సంతకం పెట్టాలి.

ఇంత గట్టిగా ఎందుకంటే, 1996లో మేరీలాండ్‌లోని అబెర్డీన్ శిక్షణ కేంద్రంలో కొందరు డ్రిల్ సార్జెంట్లు తమ దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయిల మీదే అఘాయిత్యాలు చేశారు. అది బయటపడి కోర్టు మార్షల్స్ దాకా వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళ పిల్లలకి డ్రిల్ సార్జెంట్ల ప్రత్యేక టోపీ పెట్టుకున్న మనిషి మాటే శాసనం. అంత అధికారం తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో చూశారు కాబట్టే ఇన్ని జాగ్రత్తలు. ట్రైనీ ఒంటరిగా డ్రిల్ సార్జెంట్ గదికి రాకూడదు, తోడుగా ఇంకో ట్రైనీ ఉండాలి. యూనిఫాం సరిచేయాలన్నా ముందు చెప్పి తర్వాతే చెయ్యి వేయాలి. ఆడపిల్ల తల్లిగా ఈ నియమాలు విన్నాక నా మనసు కుదుటపడింది.

ఇప్పుడు మా గ్యారేజ్ చూపిస్తాను. నెలన్నరగా ఇదే మా పరేడ్ గ్రౌండ్. డ్రిల్ సార్జెంట్ స్కూలుని అకాడమీ అంటారు, అక్కడ మాడ్యూల్స్ అని ఉంటాయి. సావధాన్‌లో నిలబడటం, కుడివైపు తిరగడం, అడుగు వేయడం, ఒక్కోదాన్నీ కొత్తవాళ్ళకి ఎలా నేర్పాలో రాసిపెట్టిన పాఠాలు. వాటిని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాలి. అర్థం మారకుండా మన మాటల్లో చెప్తామంటే కుదరదు. తప్పు పోతే "నో గో", మళ్ళీ మొదటి నుంచి. పాఠం చెప్తూనే ముందు నిలబడిన మనిషి చేత చేసి చూపించాలి కూడా. ఆ మనిషి మా ఇంట్లో నేనే. ఇదిగో, ఇలా మడమలు రెండూ కలిపి, కాలి వేళ్ళు బయటికి తిరిగి రెండు పాదాల మధ్య 45 డిగ్రీలు, మోకాళ్ళు నిటారుగా ఉండాలి కానీ బిగించకూడదు. చేతి వేళ్ళు ముడుచుకుని బొటనవేలి కొస చూపుడు వేలి మొదటి కణుపు పక్కన ఆనాలి. చూశారా, అంత చిన్న వేలి కొసకి కూడా రూలు ఉంది. ఆయన ఒక్కో వాక్యం చెప్తూ నా చుట్టూ తిరుగుతుంటారు. నా చేతి వేళ్ళు కాస్త విచ్చుకున్నా ఆయన కన్ను అక్కడే పడుతుంది.

కమాండ్ ఇవ్వడం కూడా ఒక విద్యే అండీ. "ఫార్వర్డ్" అని గొంతు పైకి లేపుతూ సాగదీయాలి, సైనికుడు సిద్ధం కావడానికి. ఒక్క అడుగంత ఆగి "మార్చ్" అని ఠక్కున తెంచాలి. గొంతుతో అరిస్తే రెండు రోజుల్లో బొంగురుపోతుంది, పొట్టలోంచి రావాలి. అడుగుకి 30 అంగుళాలు, నిమిషానికి 120 అడుగులు. ఈయన ప్రాక్టీస్ మొదలుపెట్టాక పక్కింటి పెద్దాయన, ఆయనా మాజీ సైనికుడే, కంచె అవతలి నుంచి "ఇంకొంచెం లోపల్నుంచి" అని సలహా ఇచ్చి వెళ్ళేవారు.

ఆయనకి మొదట ఒక టెన్షన్ ఉండేది, తన యాస గురించి. నిబంధన అడిగేది మాట తడబడకూడదనే. కృష్ణా జిల్లా యాస ఉండకూడదని ఎక్కడా లేదు. అయినా "వెయిట్" అనే మాటలో డబ్ల్యూ దగ్గర ఆగి, అద్దం ముందు పెదాలు గుండ్రంగా తిప్పి మరీ పలికి చూసుకునేవారు. నేను మాత్రం "మీరు పలికే ప్రతి మాటా వెనక వరసకి వినిపిస్తోంది, అది చాలండీ" అన్నాను.

ఆస్టిన్‌కి ఆయన స్కూలుకి వెళ్ళే ఫ్లైట్ కోసం బయల్దేరేసరికి ఆలస్యమైంది. ఐ-35 మీద బెల్టన్ దాటామో లేదో ట్రాఫిక్ జామ్. చేతిలో టైం ఉందని ముందు రౌండ్ రాక్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్దామనుకున్నాం, అది కాస్తా పోయింది. ఆ స్టోర్‌లో కరివేపాకు చిన్న ప్యాకెట్ 2 డాలర్లు, 176 రూపాయలు. మన పెరట్లో రెబ్బలకి రెబ్బలు తుంచి పడేసే కరివేపాకు! సరే, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం కదా, మా అమ్మాయి వెనక సీట్లోంచి అడిగింది, "నాన్నా, అమ్మాయిలకి కూడా ఆ టోపీ ఇస్తారా?" అని. ఇస్తారమ్మా. 1972 నుంచి ఆడవాళ్ళు కూడా డ్రిల్ సార్జెంట్లు అవుతున్నారు. మగవాళ్ళది చుట్టూ బల్లపరుపు అంచున్న టోపీ, ఆడవాళ్ళకి మొదట ఇచ్చినదానికి ఒక పక్క అంచు పైకి మడిచి ఉండేది.

ఆ టోపీకి ఒక కథ ఉంది. 1962లో ఆర్మీ శాఖలో పెద్ద హోదాలో ఉన్న స్టీఫెన్ ఎయిల్స్‌కి రిక్రూట్ల శిక్షణ ఎలా జరుగుతోందో చూడమని పని అప్పగించారు. తీరా చూస్తే శిక్షణ ఇచ్చేవాళ్ళే విశ్రాంతి లేకుండా, గుర్తింపు లేకుండా నీరసించిపోయి ఉన్నారు. నేర్పేవాళ్ళు అలా ఉంటే నేర్చుకునేవాళ్ళు ఎలా ఉంటారు? ఆ తర్వాతే, 1964లో, వాళ్ళకోసం ప్రత్యేకంగా స్కూళ్ళు పెట్టి ఆ టోపీ ఇచ్చారు. ఇప్పుడు ఆ అకాడమీ సౌత్ కెరొలైనాలోని ఫోర్ట్ జాక్సన్‌లో ఉంది. రెండు నెలలు దాటే కోర్సు. అక్కడ మా ఆయన స్టాఫ్ సార్జెంట్ హోదా పక్కన పెట్టి, కొత్త రిక్రూట్ చేసేవన్నీ మళ్ళీ చేయాలి. బంకు మంచం సర్దడం, మూటతో నడక, వరసలో నిలబడటం, అన్నీ. నేర్పాలంటే ముందు నేర్చుకునేవాడి కష్టం ఒంటికి తెలియాలంటారు. నాకు ఈ పద్ధతి చాలా నచ్చింది.

ఆయన బేసిక్ ట్రైనింగ్ కూడా ఆ ఫోర్ట్ జాక్సన్‌లోనే జరిగింది. స్టూడెంట్ వీసా మీద వచ్చి మావ్‌నీ పథకంలో చేరారు. కొన్ని భాషలు వచ్చిన, వైద్య వృత్తిలో ఉన్న విదేశీయుల్ని ఆర్మీలోకి తీసుకుని త్వరగా పౌరసత్వం ఇచ్చిన పథకం అది. 2016లో కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు. అప్పట్లో ఆయనకి ఆ ఇంగ్లిష్ వేగం అందేది కాదట. అందరూ కుడికి తిరిగితే ఈయన అర క్షణం ఆగి తిరిగేవారు. ఒక డ్రిల్ సార్జెంట్ రాత్రి తన విశ్రాంతి మానుకుని, ఒక్కో కమాండ్ నెమ్మదిగా చెప్పి చేయించారట. "నన్ను ఆయన వదిలేసి ఉంటే నేను ఇంటికెళ్ళిపోయేవాణ్ణి" అని ఈయన చాలాసార్లు అన్నారు. వెనక వరసలో అలా బిక్కుబిక్కుమంటూ నిలబడే పిల్లాడి కోసమే అడిగి మరీ వెళ్తున్నారు. జీతం మీద ప్రత్యేక భత్యం ఇస్తారు, నిజమే. కానీ తెల్లారకముందు వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే ఉద్యోగానికి ఆ డబ్బు లెక్క సరిపోదు.

ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కువసేపు ఆగనివ్వరు కదా, బ్యాగులు దించి, పాపని ఒకసారి ఎత్తుకుని దించి, "గ్యాస్ బిల్లు కట్టడం మర్చిపోకు" అని వెళ్ళిపోయారు. తిరుగు దారిలో కరివేపాకు కొన్నాను. పాప నిద్రపోయింది. ఇంటికొచ్చి అలవాటుగా బియ్యం ముగ్గురికీ కడిగేశాను.

కోర్సు పాసయ్యాక కనీసం రెండేళ్ళు డ్రిల్ సార్జెంట్‌గా పోస్టింగ్. బేసిక్ ట్రైనింగ్ జరిగేవి నాలుగు చోట్ల: ఫోర్ట్ జాక్సన్, జార్జియాలో ఫోర్ట్ బెన్నింగ్, మిజోరీలో ఫోర్ట్ లెనర్డ్ వుడ్, ఓక్లహామాలో ఫోర్ట్ సిల్. మాకు ఏది వస్తుందో ఇంకా ఖరారు కాలేదు. ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, స్కూళ్ళు ఎలా ఉంటాయో, గుడి ఎంత దూరమో, మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో కాస్త చెప్పండి. ఆయన పొద్దస్తమానం పిల్లలతో ఉంటారు, నాకూ మాట్లాడేవాళ్ళు ఒకరిద్దరు కావాలి కదండీ.