మూడో పేరు దగ్గర ఆగిన చెయ్యి

అందరికీ నమస్కారం. అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్లలో ఈమధ్యే పౌరసత్వం వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడున్నారు. ఎన్నికలంటే చాలు, నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "డెమోక్రాట్, రిపబ్లికన్ ఇద్దరూ నచ్చలేదండీ. మూడో పార్టీకి వేద్దామంటే ఓటు వృథా అంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

ఇలా తేల్చుకోలేక ఆగినవాళ్లను ఓట్లు చీల్చేవాళ్లని తిట్టడం నాకు నచ్చదు. 2009లో ప్రజారాజ్యానికి వేసినవాళ్లు కూడా ఆ మాట పడ్డారు. ఇక్కడ 2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడాలో బుష్ 537 ఓట్ల తేడాతో గెలిచారు. గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కి అక్కడ 97 వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. బుష్‌పై పోటీ చేసిన డెమోక్రాట్ అల్ గోర్‌ని ఓడించింది వాళ్లేనని ఇప్పటికీ అంటారు. కానీ ఆ ఓట్లు గోర్ సొత్తు కావు కదా! నేడర్ బరిలో లేకపోతే వాళ్లలో కొందరు అసలు ఇల్లే కదిలేవాళ్లు కాదు.

తప్పు ఓటరుది కాదు, లెక్కపెట్టే పద్ధతిది. అందుకు మన జార్జియానే సాక్ష్యం. 2020 నవంబర్‌లో ఒకే బ్యాలెట్ మీద రెండు పోటీలు జరిగాయి. సెనేట్‌కి పోటీ చేసిన రిపబ్లికన్ పెర్డ్యూకి 49.7 శాతం వచ్చింది. మూడో పార్టీ అయిన లిబర్టేరియన్ అభ్యర్థికి రెండు శాతం పైన పడ్డాయి. సగం దాటనిదే గెలుపు లేదన్నది రాష్ట్ర చట్టం కాబట్టి జనవరి 5న రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఓటింగ్, పెట్టారు. అందులో, నవంబర్‌లో రెండో స్థానంలో ఉన్న డెమోక్రాట్ ఆసాఫ్ గెలిచారు. లిబర్టేరియన్‌కి వేసినవాళ్లకి మళ్లీ ఆలోచించుకునే అవకాశం దొరికింది.

అదే నవంబర్ బ్యాలెట్‌లో అధ్యక్ష పదవికి బైడెన్‌కీ సగం రాలేదు, 49.5 శాతమే. ట్రంప్‌తో తేడా 11,779 ఓట్లు. లిబర్టేరియన్ జో జోర్గెన్సెన్‌కి 62 వేల పైన పడ్డాయి. కానీ ఆ చట్టం అధ్యక్ష ఎన్నికకి వర్తించదు కాబట్టి రనాఫ్ లేదు. అధ్యక్షుణ్ణి లాంఛనంగా ఎన్నుకునే ఎలక్టర్ల ఓట్లు, మన రాష్ట్రానికున్న 16 కూడా, బైడెన్‌కే వెళ్లాయి. ఒకే కాగితం, ఒకే రోజు, ఒకే ఓటరు. ఒక పోటీలో రెండో మాట చెప్పనిచ్చారు, ఇంకోదాంట్లో చెప్పనివ్వలేదు. మీ టెన్షన్ అంతా పుట్టేది ఇక్కడే.

మెయిన్ రాష్ట్రం దీనికి దారి చూపించింది. 2020 నుంచి అక్కడ అధ్యక్ష ఎన్నికలోనూ ఓటరు తన ఇష్టాలను వరుసగా, మొదటిది, రెండోది, మూడోది అని గుర్తించవచ్చు. ఎవరికీ సగం రాకపోతే అందరికన్నా వెనకబడినవారిని తీసేసి, వాళ్ల ఓట్లను తర్వాతి పేరుకి కలుపుతారు. నచ్చినవారికి వెయ్యవచ్చు, గెలుస్తారేమోనని మీరు భయపడే అభ్యర్థిని ఆపనూవచ్చు. 2024లో అలాస్కా కూడా ఇలాగే వేసింది.

జార్జియాలో ఆ వీలు లేనంతవరకు నేను చెప్పేది ఇంతే. ఆ ఇద్దరిలో ఎవరొచ్చినా మీకు నిజంగా ఒకటే అయితే మూడో పేరుకి నిశ్చింతగా వెయ్యండి. ఒకరొస్తే రాత్రి నిద్ర పట్టదనిపిస్తే మాత్రం, ఆ నిద్రను కూడా లెక్కలోకి తీసుకోండి.

ఎలక్టర్లను ఎలా ఎన్నుకోవాలో రాజ్యాంగం రాష్ట్రాలకే వదిలింది. మన జార్జియా అసెంబ్లీ ఏటా జనవరిలో మొదలై 40 రోజులు పనిచేస్తుంది. మీ ప్రాంతపు ప్రతినిధి ఎవరో ఈ రాత్రే చూసుకోండి. సెనేట్‌కి ఉన్న రెండో అవకాశం అధ్యక్ష ఎన్నికకి ఎందుకు లేదో ఆయన్ని అడుగుదాం. నేనూ మీతో వస్తాను.