కరివేపాకు కుండీకి వచ్చే సీతాకోకచిలుక

నమస్కారం. నేను హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తు బాల్కనీ నుంచి మాట్లాడుతున్నాను. వంటకోసం పెంచుకునే కరివేపాకు మొక్క నిమ్మ సీతాకోకచిలుకకు పురిటిల్లు కూడా కాగలదు. అందుకు మనం ఏం చేయాలో, ఏం చేయకూడదో ఈ వీడియోలో చూపిస్తాను.

చాలామంది పూలమొక్కలు పెట్టి సీతాకోకచిలుకల కోసం ఎదురుచూస్తారు. పూలు వాటికి తేనెను ఇస్తాయి. కానీ గుడ్డు పెట్టడానికి తల్లికి కావలసింది పిల్లలు తినగలిగే ఆకు. కరివేపాకు, నిమ్మ, మారేడు ఒకే కుటుంబానికి చెందినవి. ఆడ సీతాకోకచిలుక ఆకుపై వాలి, ముందుకాళ్లతో రుచి చూసి, తన పిల్లలకు పనికివచ్చే ఆకేనని తేల్చుకున్న తరువాతే గుడ్డు పెడుతుంది.

బాగా ఎండ తగిలే చోట 14 అంగుళాల కుండీలో మొక్కను నాటండి. నర్సరీలో పురుగుమందు కొట్టి ఉండవచ్చు కనుక, పాత ఆకు రాలి కొత్త చిగుళ్లు వచ్చేదాకా ఓపిక పట్టండి. వీలైతే రెండు కుండీలు పెట్టుకోండి, ఒకటి వంటింటికి, ఒకటి వాటికి.

ఇప్పుడు తెరపై చూడండి. లేత చిగురుపై ఆవగింజంత ఉన్న ఈ లేత పసుపు చుక్కే గుడ్డు. దానినుంచి వచ్చే పురుగు మొదట అచ్చం పక్షిరెట్టలా, ముదురు గోధుమ రంగుపై తెల్లమచ్చలతో ఉంటుంది. శత్రువు కంటపడకుండా అదే దాని రక్షణ. మొదటి ఏడాది నేను వాటిని నిజంగానే రెట్టలనుకొని నీళ్లతో కడిగేశాను, పెద్దవై ఆకుపచ్చ రంగుకు మారినవాటిపై వేపనూనె కొట్టాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. దయచేసి వేపనూనె కూడా వాడకండి. పురుగును కదిలిస్తే తల వెనుకనుంచి నారింజ రంగు కొమ్ముల జంట బయటికి వచ్చి ఘాటైన వాసన వేస్తుంది. అది మనకు హాని చేయదు.

కొన్నింటిని పిగిలిపిట్టలు ఎత్తుకుపోతాయి. అడ్డుకోకండి. గింజలు తినే పిచ్చుకలు సైతం గూటిలోని పిల్లలకు మెత్తని పురుగులనే తెచ్చిపెడతాయి కనుక, పురుగులేని బాల్కనీలో పిట్టలకు కూడా చోటు ఉండదు.

ఎదిగిన పురుగు కొమ్మకు సన్నని పట్టుదారంతో నడుము కట్టుకొని ప్యూపాగా మారుతుంది. ఆ కొమ్మను కోయకండి, కుండీని జరపకండి. సీతాకోకచిలుక బయటికి వచ్చాక ముడతలు పడిన రెక్కలు సాగి, ఆరి, గట్టిపడేదాకా దానిని తాకకూడదు. అది ఎగిరిపోయిన తరువాత, మోడైన కొమ్మల చివరలు కొద్దిగా తుంచి, గుప్పెడు పశువుల ఎరువు వేసి నీళ్లు పోయండి. మళ్లీ వచ్చే తల్లికి లేత చిగురు సిద్ధంగా ఉంటుంది.