కంచర గాడిద తన్నిందన్న కెప్టెన్

సభలోని పెద్దలకు, మాజీ సైనికులకు, వారి ఇంటివాళ్లకు నమస్కారం.

ఫీల్డ్ మార్షల్ శామ్ మానెక్‌షా వర్ధంతి రోజున విశాఖపట్నంలో మాట్లాడమని పిలిచినందుకు సంతోషంగా ఉంది. 1971 యుద్ధం ఈ ఊరి గుమ్మం దాకా వచ్చింది. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన హార్బరుకు దగ్గర్లోనే మునిగిపోయింది. బీచ్ రోడ్డులో ఉన్న విక్టరీ ఎట్ సీ స్మారకం పక్కనుంచి మనం రోజూ వెళ్తూనే ఉంటాం. ఆ యుద్ధంలో మన సైన్యానికి పెద్ద మానెక్‌షాయే.

గెలిచిన సంగతి అందరికీ తెలుసు కాబట్టి దాని మీద ఎక్కువసేపు ఉండను. ఆయన హాస్యం గురించి మాట్లాడతాను. ఆయన జోకులు వాట్సాప్‌లో విడివిడిగా తిరుగుతుంటాయి. ఏ పరిస్థితిలో అన్నారో మాత్రం ఎవరూ రాయరు. అది తీసేస్తే ఆయన ఒక సరదా మనిషిగా మిగిలిపోతారు. నాకు అది చాలా అన్యాయం అనిపిస్తుంది.

1914 ఏప్రిల్ 3న అమృత్‌సర్‌లో ఒక పార్సీ డాక్టరు ఇంట్లో పుట్టారు. తనూ డాక్టరు కావాలని, లండన్ పంపమని తండ్రిని అడిగారు. నీకింకా వయసు చాలదన్నారు తండ్రి. ఆ కోపంలో మిలటరీ పరీక్ష రాశారు. 1932లో డెహ్రాడూన్ మిలటరీ అకాడమీ తెరిచినప్పుడు మొదటి బ్యాచ్‌లో చేరిన 40 మందిలో ఆయన ఒకరు.

పదేళ్లు తిరక్కుండానే రెండో ప్రపంచ యుద్ధం, బర్మా. 1942 ఫిబ్రవరి 22, సిట్టాంగ్ నది దగ్గర. జపాన్ సేనలు ముందుకు దూసుకొస్తున్నాయి. కెప్టెన్ మానెక్‌షా తన కంపెనీని తీసుకుని ఎదురు వెళ్లి ఒక గుట్టను పట్టుకున్నారు. అక్కడే మెషిన్‌గన్ గుళ్లు పొట్టలో దిగబడ్డాయి. బతకడనుకున్నారు. సాహసానికి ఇచ్చే మిలటరీ క్రాస్ పతకాన్ని అప్పట్లో చనిపోయినవాళ్లకు ఇచ్చేవారు కాదు కాబట్టి పై అధికారి కోవన్ తన పతకం రిబ్బన్ తీసి ఆయన ఛాతీకి పెట్టేశారు. ఆర్డర్లీ షేర్‌సింగ్ మోసుకుని ఆస్పత్రికి చేర్చాడు. అక్కడి ఆస్ట్రేలియా సర్జన్‌కు అప్పటికే చేతినిండా పని. ఇతనికి ఆపరేషన్ చేసి లాభం లేదనుకుంటూనే, ఏమైందని అడిగాడు. కంచర గాడిద తన్నిందన్నారు మానెక్‌షా. ఆ స్థితిలో నవ్వించగలిగినవాణ్ణి వదిలెయ్యకూడదని సర్జన్ కత్తి పట్టాడు. ఊపిరితిత్తుల్లోంచి, కాలేయంలోంచి, మూత్రపిండాల్లోంచి ఏడు తూటాలు తీశాడు. పేగులో చాలా భాగం కోసి తీసేయాల్సి వచ్చింది. వయసు 27. ఇంట్లో భార్య సిల్లూ ఉంది, ఇంకా మాటలు సరిగ్గా రాని కూతురు షెర్రీ ఉంది.

ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఆ మాట అన్నప్పుడు ఆయనకు ఎంత నొప్పి ఉండి ఉంటుంది? ఆ జోకు ఎదుటివాడి భయం పోవడానికి అన్నది. నా నమ్మకం ఇదే. ఆయన హాస్యం ఎప్పుడూ ఎదుటివాడి కోసమే. వాతావరణం కాస్త తేలికయ్యాక నిజం చెప్పేవారు. ఆ నిజంలో మాత్రం నవ్వు కలిపేవారు కాదు.

అలా మాట్లాడేవాళ్లకు చిక్కులు తప్పవు. తమిళనాడులోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ కమాండెంట్‌గా ఉన్నప్పుడు ఆయన మీద విచారణ వేశారు. కెరీర్ అయిపోయిందనే అందరూ అనుకున్నారు. నిర్దోషిగా బయటపడ్డారు. ఆ వెంటనే 1962లో చైనా చేతిలో దెబ్బతిన్న నాలుగో కోర్ అనే సైనిక విభాగాన్ని చూసుకోమని అస్సాంలోని తేజ్‌పూర్ పంపారు. వెళ్లగానే ఆయన ఇచ్చిన ఆజ్ఞ ప్రసిద్ధం: రాతపూర్వక ఉత్తర్వు లేకుండా ఎవరూ వెనక్కి రాకూడదు, ఆ ఉత్తర్వు ఎప్పటికీ రాదు. కుంగిపోయి ఉన్న జవాన్లు ఆ మాటకు నవ్వే ఉంటారు, నడుం బిగించే ఉంటారు.

ఇక 1971 ఏప్రిల్. తూర్పు పాకిస్తాన్ నుంచి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి, శరణార్థులు లక్షల్లో వచ్చిపడుతున్నారు. ఇందిరా గాంధీ మంత్రివర్గ సమావేశానికి పిలిచి, సైన్యాన్ని ఇప్పుడే పంపగలవా అన్నట్టు అడిగారు. కుదరదన్నారు. వానలొస్తే అక్కడ బండ్లు కదలవు. హిమాలయ కనుమల్లో మంచు కరిగితే చైనా దారి తెరుచుకుంటుంది. పంటలు కోతకొచ్చిన వేళ రైళ్లన్నీ తీసుకుంటే గోధుమ కదలదు. టాంకుల్లో నడిచేవి కొద్దివే. ఇప్పుడు వెళ్తే నూటికి నూరు పాళ్లు ఓటమే అన్నారు. సమావేశం ముగిశాక ప్రధాని ఆగమన్నారు. ఆమె నోరు తెరవకముందే, ఆరోగ్యం బాగాలేదని రాజీనామా ఇమ్మంటారా, మానసికమా, శారీరకమా అని అడిగారట. ఆయనే తర్వాత ప్రసంగాల్లో ఇలా చెప్పుకున్నారు. కొన్ని వివరాల మీద చరిత్రకారుల్లో భేదాభిప్రాయాలు ఉన్నాయి. తొందరపడకుండా శీతాకాలం దాకా తయారైన మాట మాత్రం వాస్తవం.

డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ముగిసింది. దాదాపు 93,000 మంది పాకిస్తానీలు పట్టుబడ్డారు. లొంగుబాటు పత్రం తీసుకోవడానికి ఢాకా వెళ్లే అవకాశం వస్తే, ఆ గౌరవం తూర్పు కమాండ్ అధిపతి అరోరాకే దక్కాలని ఆయన వెళ్లలేదు. ఇంకొకరైతే ఫొటో వదులుకునేవారా?

1971లో పాకిస్తాన్ అధ్యక్షుడిగా ఉన్న యాహ్యా ఖాన్ మోటార్‌సైకిల్ కథ మీకు తెలిసే ఉంటుంది. దేశవిభజన వేళ మానెక్‌షా ఎర్ర జేమ్స్ బండిని యాహ్యా 1,000 రూపాయలకు కొని, డబ్బు పాకిస్తాన్ నుంచి పంపిస్తానన్నాడు. పంపలేదు. బాకీ కింద సగం దేశం ఇచ్చాడని తర్వాత మానెక్‌షా అనేవారు. గెలిచాక కూడా పాత సహోద్యోగిని తిట్టలేదు, బాకీ గుర్తుచేశారంతే.

1973 జనవరిలో ఫీల్డ్ మార్షల్ అయ్యారు. ఆ హోదా మన దేశంలో మొదట దక్కింది ఆయనకే. కూనూరులో ఇల్లు కట్టుకున్నారు. సిల్లూతో, కూతుళ్లు షెర్రీ, మాజాలతో, మనవలతో, తోటపనితో మిగతా జీవితం. సిల్లూ చిత్రకారిణి. 1939 నుంచి 2001 దాకా, అంటే ఆమె చనిపోయేదాకా, కలిసి బతికారు. బదిలీ వచ్చిన ప్రతిసారీ సామాను సర్దినవాళ్లు, టెలిగ్రాం వస్తే చేతులు వణికినవాళ్లు ఈ సభలోనూ ఉన్నారు. వాళ్లకు సిల్లూ జీవితం నేను చెప్పక్కర్లేదు.

2008 జూన్ 27న వెల్లింగ్టన్ మిలటరీ ఆస్పత్రిలో 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఉదకమండలంలో సిల్లూ పక్కనే సమాధి. కేంద్రం తరఫున అంత్యక్రియలకు వచ్చింది అప్పటి రక్షణశాఖ సహాయమంత్రి, అప్పటి మన కాకినాడ ఎంపీ పళ్లంరాజు. అంతకన్నా పెద్దవాళ్లెవరూ రాలేదు. జాతీయ సంతాప దినమూ ప్రకటించలేదు. ఇన్నేళ్లయినా నాకు ఆ బాధ తగ్గలేదు.

ముందు వరుసలో 1971లో పనిచేసినవాళ్లు కూర్చుని ఉన్నారు. పిల్లలూ, మీకొక పని. యుద్ధం గురించి అడిగితే వీళ్లు కూడా ఏదో సరదా మాట అని దాటేస్తారు. మీ తాతయ్య అలా అన్నప్పుడు నవ్వి లేచిపోకండి. ఎక్కడ, ఎప్పుడు, పక్కన ఎవరున్నారు అని ఇంకో ప్రశ్న అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. భోజనాలకు ఇంకా టైముంది, ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.