పెరిగే వెన్నుకి కడ్డీ ఎప్పుడు వేయాలి?

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు మానుకుని ఇంతమంది వచ్చారంటే, మీలో చాలామంది ఇళ్లలో బీరువా మీద ఒక ఎక్స్‌రే కవరు ఉండే ఉంటుంది. అందుకే పిల్లల వెన్ను వంపు గురించి నేరుగా విషయానికి వస్తాను.

మొన్న ఓపీకి ఒక పాపను తీసుకొచ్చారు. వంపు కనిపెట్టింది అమ్మా కాదు, డాక్టరూ కాదు, వాళ్ల వీధిలో టైలరు. "కొలతలు సరిగ్గానే తీశానమ్మా, లంగా అంచు మాత్రం ఒకపక్క పైకే పోతోంది" అన్నాడట. పాపను చేతులు జోడించి ముందుకు వంగమన్నాను. వీపు మీద కుడిపక్క పక్కటెముకలు చిన్న గుట్టలా లేచాయి. 1865లో విలియం ఆడమ్స్ అనే ఇంగ్లీషు డాక్టరు చెప్పిన పరీక్ష ఇది. పైసా ఖర్చు లేదు, ఇంట్లోనే చూసుకోవచ్చు. స్కోలియోసిస్‌లో వెన్ను పక్కకి ఒరగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. ఆ గుట్ట అందుకే.

వంపుని ఎక్స్‌రే మీద డిగ్రీల్లో కొలుస్తాం. 10 దాటితే స్కోలియోసిస్ అంటాం. 25 దాటి, ఇంకా ఎదిగే వయసైతే బ్రేస్, అంటే ఒంటికి బయటినుంచి బిగించే గట్టి పట్టా, వేస్తాం. బ్రేస్ దండగ అనే మాట నేను రోజూ వింటాను. 2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం మందికి ఎదుగుదల పూర్తయ్యేదాకా వంపు 50కి చేరలేదు. వేసుకోనివాళ్లలో 48 శాతం మందికే ఆ అదృష్టం. అయితే రోజుకి 13 గంటలైనా ఒంటి మీద ఉండాలి, కుర్చీకి తగిలిస్తే కాదు.

వంపు 50కి చేరువైతే ఆపరేషన్ మాట వస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లయితే స్క్రూలు, రెండు కడ్డీలు వేసి పూసల్ని అతికించేస్తాం. అతికిన చోట వెన్ను ఇక పెరగదు. ఆ వయసుకి పెరగాల్సింది కూడా పెద్దగా మిగలదు కాబట్టి ఫరవాలేదు.

అదే ఐదేళ్ల పిల్లాడైతే? పొట్టిదైనా నిటారు వెన్నే మేలని పాతతరం సర్జన్లు నమ్మేవారు. ఆ నమ్మకం ఊపిరితిత్తుల దగ్గర బెడిసికొట్టింది. వెన్ను పెరక్కపోతే ఛాతీ పెరగదు, ఛాతీ పెరక్కపోతే ఊపిరితిత్తులకి చోటుండదు. ఛాతీ భాగం వెన్ను 18 సెంటీమీటర్ల లోపే ఆగిపోతే, పిల్లాడు నిటారుగానే నిలబడతాడు గానీ మెట్లెక్కితే ఆయాసపడతాడు.

అందుకే పెరిగే కడ్డీలు వచ్చాయి. పైనా కిందా మాత్రమే బిగించి, మధ్యలో వెన్నుని పెరగనిస్తాం. ఆరునెలలకోసారి మత్తిచ్చి, చిన్న కోత పెట్టి, కడ్డీని పొడిగించాలి. పదేళ్లు వచ్చేసరికి ఎన్నిసార్లు థియేటర్‌కి రావాలో మీరే లెక్కేసుకోండి. మధ్యలో ఇన్ఫెక్షన్లు, కడ్డీలు విరగడం ఉండనే ఉంటాయి. పైగా సాగదీసేకొద్దీ వెన్ను బిగుసుకుపోయి, ప్రతిసారీ దక్కే పొడవు తగ్గుతుంది. ఇక అయస్కాంతపు కడ్డీ ఉంది. వీపు మీద మిషన్ పెడితే లోపల కడ్డీ దానంతటదే సాగుతుంది, మత్తక్కర్లేదు. హాంకాంగ్ డాక్టర్లు 2012లో దీని ఫలితాలు ప్రకటించినప్పుడు మాకందరికీ పండగే. తర్వాత లోహపు పొడి రాలడం బయటపడి, 2020లో బ్రిటన్ వాటిని అమర్చడం నిలిపేయమంది. కొత్తది కదా అని ఎగబడొద్దని మీకు చెప్పేముందు నాకు నేను చెప్పుకుంటాను.

చంటిపిల్లల సంగతి వేరు. ఇంగ్లండ్‌లోని స్టాన్‌మోర్‌లో పనిచేసిన డాక్టర్ మిన్ మెహతా, 136 మంది పసివాళ్లకి వరసగా పిండికట్లు మారుస్తూ వచ్చారు. సగటున 19 నెలల వయసులో మొదలుపెట్టిన 94 మందికి వెన్ను తిన్నగా అయింది. 30 నెలలకి వచ్చినవాళ్లకి వంపు తగ్గిందే గానీ పోలేదు. తేడా 11 నెలలే! నేనూ ఒకప్పుడు ఒక కుటుంబానికి "ఆరునెలలు ఆగి చూద్దాం" అన్నాను. తారీఖు రాసివ్వలేదు. వాళ్లు రెండేళ్లకి వచ్చారు. అది నా తప్పే.

"కాళ్లు పడిపోతాయా సార్?" అని ఇక్కడ అడగబోయేవాళ్లకి ముందే చెబుతున్నాను. ఆ రిస్కు తక్కువే, కానీ సున్నా కాదు. ఆపరేషన్ సాగినంతసేపూ మెదడు నుంచి కాళ్లదాకా సిగ్నళ్లు వెళ్తున్నాయో లేదో తెర మీద చూస్తూనే ఉంటాం. అనుమానమొస్తే మత్తు తగ్గించి, "నాన్నా, కాలివేళ్లు కదుపు" అంటాం. ఆ వేళ్లు కదిలేదాకా థియేటర్‌లో ఎవరూ మాట్లాడరు.

ఎక్స్‌రేలు తెచ్చినవాళ్లు ఈ పక్క బల్ల దగ్గరికి రండి. కొత్తదొక్కటే కాదు, పాతవి కూడా తీయండి. వంపు ఎంతుందన్నదాని కంటే, ఎంత కాలంలో అంతయిందో నాకు ముఖ్యం.