చిల్లు చుట్టూ వదిలిన చోటు

సభకు నమస్కారం.

మీలో చాలామంది ఎమ్మే తెలుగు. కావ్యం ఎలా చదవాలో మీకు నేను చెప్పక్కర్లేదు. చదవకుండా పుస్తకంతో ఏం చెయ్యొచ్చో చూద్దామని ఇవాళ రెండు వస్తువులు తెచ్చాను. ఒకటి మా ఇంటి అటక మీద దొరికిన తాటాకుల కట్ట. రెండోది సీసం అక్షరాలతో అచ్చేసిన పాత పద్యకావ్యం. క్రౌన్ సైజు, అట్ట ఊడిపోయింది.

గ్రంథం అనే మాటలోనే ముడి ఉంది. గ్రంథి అంటే ముడే కదా. ఆకులకు చిల్లు పొడిచి, తాడు దూర్చి, పైనా కిందా చెక్కలు పెట్టి బిగిస్తే గ్రంథం. ఈ ఆకు చూడండి. పొడవు జానెడున్నర, వెడల్పు రెండు వేళ్లు. ఆ వెడల్పు రాసినవాడు ఎంచుకున్నది కాదు, తాటిచెట్టు ఇచ్చింది. ఈనె తీసేశాక మిగిలేది అంతే. అందులోనే ఆరు వరసలు ఇరికించాడు. ఇంత పిసినారితనం చూపినవాడు రెండు చిల్లుల చుట్టూ మాత్రం చదరంగా ఖాళీ వదిలేశాడు. రాత అక్కడిదాకా వచ్చి ఆగి, చిల్లు దాటాక మళ్లీ అందుకుంటుంది. తాడు ఒరుసుకుంటే అక్షరాలు పోతాయని అతనికి తెలుసు. ఒక్క గీత గీయకముందే, ఈ కట్టను ఎవరో వందసార్లు విప్పి కడతారని లెక్కవేసుకున్నాడన్నమాట.

ఇనప గంటంతో గీస్తున్నంతసేపూ గీత దాదాపు కనపడదు. అంతా అయ్యాక నూనెలో కలిపిన మసి పులిమి తుడిస్తే గీతల్లో మాత్రం నలుపు నిలుస్తుంది. అప్పటిదాకా తన రాత తనకే ఆనదు. లేఖకదోషాలని మనం విసుక్కునేవాటిలో కొన్ని చదువు తక్కువై వచ్చినవి కావు, చూపు అందక వచ్చినవి.

తాటాకు వల్లే తెలుగక్షరం గుండ్రబడిందని ప్రతి సభలోనూ వింటాం. నారల వెంట అడ్డంగా గీత లాగితే ఆకు చీలుతుందన్నది నిజమే. కానీ తలగీత ఉన్న నందినాగరి లిపిని కూడా దక్షిణాదిన తాటాకు మీద రాశారు. ఆ ఘనతంతా ఆకుకే కట్టబెట్టడానికి నా మనసొప్పదు.

ఇంకోటి. ఇందులో మాటకూ మాటకూ ఎడం లేదు, పాదానికి విరుపు లేదు. పాదం కింద పాదంగా మనం చూసే పద్యం అచ్చుయంత్రం పేర్చిన బొమ్మ. మరి ఆకు చదివేవాడికి పాదం ఎక్కడ మొదలైందో ఎలా తెలిసేది? నడకతో పాటు ప్రాస, అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరంగా వచ్చే ఒకే హల్లు, పట్టిచ్చేదని నా ఊహ. ప్రాస వినసొంపు కోసమేనని పరీక్షల్లో రాసినవాళ్లు ఒకసారి ఈ ఆకు చేత్తో పట్టుకోవాలి.

ఇక అచ్చుపుస్తకం. 17వ పేజీ అడుగున ఎడమ మూల చిన్న అంకె ఉంది: 2. 33వ పేజీ అడుగున 3. ఇవి ఫారం నంబర్లు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చేసి మడిస్తే ఒక ఫారం. బైండరు తెలుగు చదవలేకపోయినా ఆ అంకెలు చూసి వరస పెట్టుకుంటాడు. తెలుగుకి గుణింతాలూ వత్తులూ కలిపి వందల రకాల సీసం దిమ్మెలు కావాల్సొచ్చేది. చిన్న ప్రెస్సులో ఉన్న సీసం కొద్ది ఫారాలకే సరిపోయేది. అవి అచ్చయ్యాక విడగొట్టి, ఏ గడి అక్షరం ఆ గడిలో వేసి, మళ్లీ కంపోజు చెయ్యాల్సొచ్చేది. ఆ తర్వాత తప్పు దొరికినా దిద్దడానికేమీ ఉండేది కాదు. అందుకే తప్పొప్పుల పట్టిక. అది చాలా పుస్తకాల్లో ముందే ఉంటుందెందుకో తెలుసా? పీఠిక ఫారం ముందుండేదే గానీ, అచ్చయ్యేది చివర.

ఇందులో 97వ పేజీ నుంచి, అంటే ఏడో ఫారం నుంచి, కాగితం మారింది. వెలుతురుకి పట్టి చూడండి, రంగు తేడా తెలుస్తుంది. డబ్బు చాలలేదో, పాత రీము అయిపోయిందో. ఆ కవి ఎక్కడా చెప్పుకోని ఇబ్బంది కాగితం చెబుతోంది.

స్కాన్‌లో ఇవి చాలావరకు రావు. ఎంత పుస్తకమైనా ఫోను తెరంతే ఉంటుంది. ఖాళీ పేజీలు అనవసరమని ఒక్కోసారి వదిలేస్తారు. అసలు పుస్తకాలున్నచోటా అంతే. ఒక గ్రంథాలయంలో, పేరెందుకు లెండి, పాత పుస్తకాలకు కొత్త బైండు వేయిస్తూ అంచులు కత్తిరించారు. మార్జిన్లలో ఎవరో పండితుడు పెన్సిల్‌తో రాసుకున్న పాఠాంతరాలు సగం సగం మిగిలాయి. ‘చక్కగా నీటుగా ఉంది కదండీ’ అన్నాడు అక్కడి ఉద్యోగి.

ఇప్పుడు ఈ పుస్తకం మీ బల్లల మీదికి పంపుతున్నాను. చదవకండి. పేజీ వెనక్కి తిప్పి వేలితో తడమండి, సీసం నొక్కిన గుర్తు తగులుతుంది. తాటాకుల కట్ట మాత్రం ఇక్కడికే వచ్చి చూడాలి. నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి నన్ను కాపాడమనీ, మూర్ఖుడి చేతికివ్వద్దనీ పుస్తకమే మొరపెట్టుకునే శ్లోకం పాత లేఖకులు చివర్లో రాసేవారు. మూర్ఖుల సంగతి నేను చూసుకుంటాను. ఇందాక టీతో పకోడీలు తిన్నవాళ్లు మాత్రం చేతులు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని రండి.