లాన్సెలిన్‌లో విండ్‌సర్ఫింగ్: క్యాంపర్‌వ్యాన్‌లో వెళ్తే ఎలా ఉంటుంది? పూర్తి రివ్యూ

అందరికీ నమస్తే. ఇవాళ రివ్యూ చేస్తున్నది వెస్ట్రన్ ఆస్ట్రేలియాలోని లాన్సెలిన్. పెర్త్ నుంచి ఉత్తరంగా సుమారు 125 కిలోమీటర్లు. రాక్ లాబ్‌స్టర్ పట్టే జాలర్ల చిన్న ఊరు. విండ్‌సర్ఫింగ్, అంటే తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి గాలితో నీళ్ల మీద సాగే ఆట, చేసేవాళ్లలో మాత్రం ఈ పేరు తెలియనివాళ్లు తక్కువ. క్యాంపర్‌వ్యాన్ (లోపలే పడుకుని, వండుకునే వ్యాన్) అద్దెకి తీసుకుని తీరం వెంబడి వెళ్తూ, ఇక్కడ ఒక రోజంతా నీళ్ల మీద గడపడం ఎవరికి బాగుంటుంది, ఎవరికి బాగుండదు, అదీ ఈ వీడియో.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెళ్లండి. కానీ హోటల్ బుక్ చేసుకుని, శనివారం పొద్దున తొమ్మిదికి క్లాసు అని ఫిక్స్ అయిపోయి మాత్రం వెళ్లకండి. ఇక్కడ టైమ్‌టేబుల్ గాలి చేతిలో ఉంటుంది. బీచ్ పక్కనే ఉండి ఆ గాలి కోసం ఆగగలగడమే వ్యాన్‌తో వచ్చే అసలు లాభం.

గాలి సంగతి కొంచెం వివరంగా చెప్తాను. నవంబర్ నుంచి మార్చి దాకా సీజన్. రాత్రి, పొద్దున ఎడారి వైపు నుంచి తూర్పు గాలి వీస్తుంది. ఎండెక్కేకొద్దీ నేల కాగిపోతుంది, సముద్రం మాత్రం చల్లగానే ఉంటుంది. వేడి గాలి పైకి లేస్తుంటే, సముద్రం మీది చల్లగాలి ఆ చోటులోకి దూసుకొస్తుంది. మధ్యాహ్నానికి దిశ మొత్తం మారిపోయి దక్షిణం నుంచో నైరుతి నుంచో కొడుతుంది. పెర్త్ వాళ్లు దీన్ని, పక్కనే ఉన్న ఫ్రీమాంటిల్ రేవు పేరుతో, ఫ్రీమాంటిల్ డాక్టర్ అంటారు. 1987లో ఫ్రీమాంటిల్‌లో అమెరికాస్ కప్ పడవ పందేలు జరిగినప్పుడు బయటి ప్రపంచానికి కూడా ఈ గాలి బాగా తెలిసింది.

సాయంత్రం విశాఖ బీచ్‌లో కూర్చుంటే వచ్చే గాలి కూడా ఇలా పుట్టేదే. కాకపోతే ఇక్కడ మంచి రోజున 20, 25 నాట్లు ఉంటుంది. అంటే గంటకి 37 నుంచి 46 కిలోమీటర్లు. గాలి వేగం రెట్టింపయితే తెరచాప మీద పడే బలం రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. 10 నాట్లలో హాయిగా నిలబడిన మనిషిని అదే తెరచాప 20 నాట్లలో లేపి అవతల పడేస్తుంది.

మరి పొద్దున్నే నేర్చుకుంటే సరిపోతుంది కదా అంటారు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది సరిగ్గా అక్కడే. పొద్దుటి తూర్పు గాలి నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డు దగ్గర అల కనిపించదు కాబట్టి భయం వేయదు. కానీ తెరచాప తిప్పడం ఇంకా రాని మనిషి తనకి తెలియకుండానే లోపలికి కొట్టుకుపోతాడు. కొత్తవాళ్లకి మంచి సమయం ఏదంటే, తూర్పు గాలి ఆగిపోయి సముద్రపు గాలి అందుకునే ఆ కాసేపు, దాని తర్వాత తొలి గంట. చాలా రోజుల్లో అది మధ్యాహ్నానికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. రోజూ ఒకే టైముకి రాదు.

వ్యాన్ తలుపు తీసుకుని, పులిహోర తింటూ ఇసుక దిబ్బ మీది గడ్డి చూస్తూ ఉండండి. పొద్దుట్నుంచి సముద్రం వైపు వంగి ఉన్న గడ్డి ఒక దశలో నిటారుగా నిలబడుతుంది. గాలి పూర్తిగా పడిపోతుంది, ఈగలు ముసురుతాయి. ఇంకాసేపటికి అదే గడ్డి ఉత్తరం వైపు వంగడం మొదలుపెడుతుంది. అప్పుడు లేచి వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే బిగుతు రబ్బరు డ్రెస్) వేసుకోండి.

నీళ్ల సంగతికి వస్తే, లాన్సెలిన్‌కి ఇంత పేరు రావడానికి కారణం రీఫ్. ఊరి ముందు రాతి దిబ్బలు, ఒక చిన్న దీవి అడ్డంగా ఉన్నాయి. పెద్ద అలలు బయటే విరిగిపోతాయి. గాలికి మాత్రం అడ్డేమీ లేదు. గాలి గట్టిగా ఉండి నీళ్లు నెమ్మదిగా ఉండే చోటు దొరకడం చాలా అరుదు. ఆ రీఫ్‌లో ఒకచోట సందు ఉంది, హోల్ ఇన్ ద వాల్ అంటారు. అక్కడి అలల మీద ఆడేది బాగా ఆరితేరినవాళ్లు. మొదటిసారి వెళ్లినవాళ్లు ఒడ్డు నుంచి చూసి ఆనందించండి, చాలు.

నేర్చుకునేవాళ్లకి ఇచ్చే బోర్డు పెద్దది, 200 లీటర్ల పరిమాణంలో ఉంటుంది. తెరచాప చిన్నది, పెద్దవాళ్లకి నాలుగు చదరపు మీటర్ల దగ్గర్లో. గాలి మీ వీపుకి తగిలేలా, మాస్ట్ (తెరచాపని నిలబెట్టే స్తంభం) మొదలుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడాలి. తెరచాప నీళ్లలో పడుకుని ఉంటుంది, దాని మీద నీళ్లు నిలిచి ఉంటాయి. అందుకే మొదటి లాగుడు చాలా బరువు. చేతుల బలంతో లాగితే పావుగంటలో నడుం పట్టేస్తుంది. మోకాళ్లు వంచి, వీపు తిన్నగా పెట్టి, తెరచాపకి కట్టిన తాడు పట్టుకుని ఒంటి బరువుతో వెనక్కి వాలండి. నీళ్లు జారిపోగానే తెరచాప ఒక్కసారిగా తేలికవుతుంది, చాలామంది వెనక్కి పడేది అప్పుడే. అది తేలిక కావడం తెలియగానే లాగడం ఆపి మోకాళ్లు నిటారు చేయాలి.

చుక్కాని ఉండదు. మాస్ట్‌ని ముందుకి వంచితే బోర్డు ముక్కు గాలికి దూరంగా తిరుగుతుంది, వెనక్కి వంచితే గాలి వైపు తిరుగుతుంది. గాలి ఒక్కసారిగా విసిరితే ఇంకా గట్టిగా పట్టుకోవాలనిపిస్తుంది. అలా చేయకూడదు. బూమ్ (తెరచాపకి అడ్డంగా ఉండే, మనం పట్టుకునే కడ్డీ) మీది వెనక చెయ్యి వదిలేస్తే చాలు, తెరచాపలోంచి గాలి జారిపోతుంది, బోర్డు ఆగిపోతుంది. ఈ ఒక్కటి ఒంటికి పట్టిందంటే భయం సగం పోతుంది. మళ్లీ ఆ చెయ్యి వేసి మెల్లగా దగ్గరికి లాక్కున్నప్పుడు, గాలిపటం దారం వేళ్ల మధ్య బిగుసుకున్నట్టు ఆ లాగుడు అరచేతికి తెలుస్తుంది. కాళ్ల కింద నీళ్ల చప్పుడు మారుతుంది. బోర్డు కదిలింది! ఇంజిన్ లేదు, తెడ్డు లేదు. ఆ సంతోషం ఎంతని చెప్పను, మీరు పడాల్సిందే.

మూడింటికల్లా కొత్తవాళ్లు బయటికి వచ్చేయడం మంచిది. అప్పటికి ఆరితేరినవాళ్ల చిన్న బోర్డులు దిగుతాయి. పాదాలు పట్టీల్లో దూర్చి, నడుముకి కట్టిన హార్నెస్‌ని (కొక్కెం ఉన్న పట్టీని) బూమ్‌కి తగిలించుకుని వెళ్తారు. ఆ వేగంలో బోర్డు నీళ్లని చీల్చుకుంటూ పోదు, పైకి లేచి జారుతుంది. ఏటా జనవరిలో పక్క ఊరు లెడ్జ్ పాయింట్ నుంచి లాన్సెలిన్ దాకా సముద్రం మీద పందెం జరుగుతుంది, లాన్సెలిన్ ఓషన్ క్లాసిక్ అంటారు. అప్పుడు వెళ్లాలనుకుంటే క్యారవాన్ పార్క్‌లో (వ్యాన్ నిలుపుకుని రాత్రి ఉండే చోట) చోటు చాలా ముందుగా బుక్ చేసుకోండి.

ఇప్పుడు వ్యాన్. ఒకే పక్క స్లైడింగ్ డోర్ ఉన్న వ్యాన్లలో అది ఇక్కడ ఎడమ పక్క ఉంటుంది. సముద్రం పడమర. ముచ్చటపడి సముద్రానికి ఎదురుగా పార్క్ చేశారనుకోండి, ఎడమ పక్క దక్షిణం అవుతుంది. మధ్యాహ్నం గాలి, దాంతోపాటు ఇసుక, నేరుగా పరుపు మీదికి వస్తాయి. రివర్స్ చేసి, వెనక భాగం సముద్రం వైపు పెట్టండి. తలుపు ఉత్తరానికి వస్తుంది, గాలి చాటున వంట కూడా చేసుకోవచ్చు. వెనక అద్దంలోంచి సముద్రం ఎలాగూ కనిపిస్తుంది. ఈ గాలిలో పైకి లేచే రూఫ్, నీడ కోసం పక్కకి లాగే ఆనింగ్ తెరిచి ఉంచొద్దు, విరిగితే ఆ ఖర్చు మీ మీదే పడుతుంది.

మేం తీసుకున్న వ్యాన్‌కి బయట షవర్ లేదు, ఉప్పునీళ్ల ఒంటితో లోపలికి ఎక్కాల్సి వచ్చింది. అద్దెకి తీసుకునే ముందు ఆ ఒక్కటి అడగండి. నేర్చుకునే బోర్డు ఎలాగూ వ్యాన్‌లో పట్టదు, అక్కడే అద్దెకి తీసుకోవడం నయం. సీజన్‌లో క్లాసులు చెప్పేవాళ్లు ఉంటారు. గాలిని బట్టి టైము మారుస్తారా అని ముందే ఫోన్ చేసి అడగండి. మార్చం అంటే డబ్బు కట్టొద్దు.

బీచ్ పార్కింగ్‌లో రాత్రి పడుకోకండి, జరిమానా పడుతుంది. చీకటి పడ్డాక ఊళ్ల మధ్య డ్రైవింగ్ కూడా వద్దు. కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి, చాలా అద్దె ఒప్పందాల్లో రాత్రి ప్రయాణానికి ఇన్సూరెన్స్ వర్తించదు.

నీళ్లలోకి బూట్లు తప్పనిసరి, రీఫ్ రాయి కోసేస్తుంది. పూర్తి చేతుల రాష్ వెస్ట్ (నీళ్లలో వేసుకునే పల్చటి బిగుతు చొక్కా) వేసుకోండి, ఇక్కడి ఎండకి మన చర్మం కూడా మాడుతుంది. దిగేముందు షార్క్‌స్మార్ట్‌లో (షార్కుల గురించి హెచ్చరించే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో) ఆ రోజు హెచ్చరికలు చూసుకోండి. ఏం జరిగినా బోర్డుని వదిలి ఈదొద్దు. బోర్డు తేలుతుంది, దూరం నుంచి కనిపిస్తుంది. దాని మీద కూర్చుని రెండు చేతులూ పక్కలకి చాపి, పైకీ కిందికీ ఆడిస్తే ఒడ్డున ఉన్నవాళ్లు సాయానికి వస్తారు.

చిన్నపిల్లలతో సాయంత్రం నీళ్లలో ఆడుకుందామని వెళ్లేవాళ్లకి ఈ ఊరు నేను చెప్పను. ఎగిరే ఇసుక కాళ్లకి సూదుల్లా గుచ్చుకుంటుంది, పిల్లలు ఏడుస్తారు. వాళ్లతో వెళ్తే పొద్దున బీచ్‌లో గడిపి, మధ్యాహ్నానికల్లా బయల్దేరి సెర్వాంటిస్ అనే ఊరి దగ్గరి పినాకిల్స్‌కి వెళ్లిపోండి. పసుపు ఇసుకలో నిలబడ్డ సున్నపురాతి స్తంభాలు సాయంత్రం ఎండలో చాలా బాగుంటాయి.

బోర్డు మీద బాగా కుదురుకున్నవాళ్లు ఇంకా పైకి, జెరాల్డ్‌టన్ దాటాక వచ్చే కొరొనేషన్ బీచ్‌కి వెళ్లొచ్చు. సముద్రం పక్కనే క్యాంపింగ్. కరెంటు ఉండదు, తాగే నీళ్లు జెరాల్డ్‌టన్‌లోనే నింపుకోవాలి.