కత్తి కింద పడ్డ అంచులు

వేదిక మీది పెద్దలకు నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాలకు బైండరును పిలిచారేంటని మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతోంది. పుస్తకాల వీపులే తప్ప లోపలి సంగతులు నాకు పెద్దగా తెలియవు, ముందే చెప్తున్నా.

డబ్లిన్‌లో మా అబ్బాయి దగ్గరికెళ్లినప్పుడు ట్రినిటీ కాలేజీలో బుక్ ఆఫ్ కెల్స్ చూశాను. లాటిన్‌లో నాలుగు సువార్తలు. క్రీ.శ. 800 ప్రాంతంలో క్రైస్తవ సన్యాసులు దూడ చర్మం మీద రాసి, బొమ్మలు వేశారు. 340 ఆకులు మిగిలాయి. అద్దాల పెట్టె, మసక వెలుతురు. ఆ పసుపు బంగారు రేకే అనుకున్నా. కాదట, హరిదళం అనే పసుపు రాయి నూరిన రంగు! ఒక పుటంతా క్రీస్తు పేరులోని అక్షరాలే. వాటి కాళ్ల దగ్గర రెండు పిల్లులు, వాటి ముందు గుండ్రటి అప్పం కొరుకుతున్న ఎలుకలు. గుళ్లో పుస్తకంలో ఎలుకలండీ!

1007లో దీన్ని దొంగలెత్తుకుపోయారు. బంగారు తొడుగు పీక్కుని పుస్తకాన్ని మట్టిగడ్డల కింద పడేశారు. రెండు నెలలు దాటాక దొరికింది. సరే, దొంగ దొంగే. నా బాధ వాడి గురించి కాదు.

1820ల్లో ఒక బైండరు దీని అంచులు కోసేశాడు! చక్కగా, సమంగా. అంచుల్లోని బొమ్మలు కొన్ని పోయాయి. పైగా కోసిన అంచుకు బంగారు పూత. 1953లో రోజర్ పవెల్ అనే ఆయన దీన్ని నాలుగు సంపుటాలుగా మళ్లీ కుట్టాడు, ముడతలు పడ్డ ఆకుల్ని మెల్లగా సాగదీసి. పోయిన అంచు ఆయనెక్కణ్ణించి తెస్తాడు?

ఆ పాత బైండరును తిడదామంటే నాకు నోరు రాలేదు. ఓసారి ఒక పెద్దాయన వాళ్లమ్మ భాగవతం తెచ్చారు. మిషన్లో పెట్టి మూడు వైపులా కోసిచ్చాను. ఆయన తిరగేసి, “అమ్మ రాత ఏదయ్యా?” అన్నారు, అంతే. డబ్బులిచ్చి వెళ్లిపోయారు. బుట్ట బోర్లించి చూస్తే కాగితపు పేలికలు, వాటి మీద పెన్సిలు రాత. పిల్లల పుట్టినరోజులు, జబ్బులు. ‘జ్వ’ పుస్తకంలో ఉండిపోయింది, ‘రం’ బుట్టలో.

అమ్మా, మీ ఇంట్లో అలాంటి పుస్తకాలుంటే బైండరుకిచ్చే ముందు ఆ అంచులు వాడికి చూపించండి. వాడు విసుక్కున్నా సరే, ఇంకోసారి చూపించండి.

టైమైందని చీటీ వచ్చింది. ఆ పేలికలు ఈ కవర్లో తెచ్చాను, బల్ల మీద పరుస్తాను. బాబూ, కాస్త ఆ ఫ్యాన్ ఆపు.